64 యాంటెన్నాలు: ఒకే ప్యానెల్‌లోనా, పదహారు స్తంభాల మీదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎంటెక్ ప్రాజెక్టు కోసం 400 మీటర్ల వీధి ఒకటి తీసుకుని కంప్యూటర్‌లో సిములేట్ చేస్తున్నారు. 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండు, మొత్తం 64 యాంటెన్నాలు. వాటన్నిటినీ ఒకే మాసివ్ మిమో (చాలా యాంటెన్నాలు కలిసి ఒకేసారి చాలామందికి పంపే పద్ధతి) ప్యానెల్‌గా వీధి మధ్యలో పెట్టాలా, పదహారు స్తంభాల మీద నాలుగేసి చొప్పున పంచాలా? చదివిన పేపర్లలో పంచిన పద్ధతే గెలుస్తోంది. బయటికొచ్చి చూస్తే ఏ టవర్ మీదైనా ప్యానెలే కనిపిస్తోంది. పేపర్లు తప్పా, కంపెనీలు తప్పా అని మీ సందేహం.

ఇద్దరి లెక్కా సరైనదే. పేపర్లు గాలిలో జరిగేదాన్ని లెక్కేశాయి. సైటు పెట్టేవాళ్లు గాలితో పాటు యాంటెన్నా వెనకాల ఉండే ఫైబర్‌నీ, కరెంటునీ, గడియారాన్నీ కూడా లెక్కేసుకోవాలి. పందొమ్మిదేళ్లుగా ఆర్ఎఫ్ (రేడియో) ప్లానింగ్‌లో ఉన్నాను, టవర్ సైట్లూ చేశాను, భవనాల లోపలి సైట్లూ చేశాను. ఈ రెండు లెక్కల మధ్య దూరం ఎక్కడ మొదలవుతుందో మీ వీధి మీదే చూపిస్తాను.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. ‘సెంట్రలైజ్డ్’ అన్న మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు. యాంటెన్నాలన్నీ ఒకేచోట ఉండటం ఒకటి. బేస్‌బ్యాండ్ లెక్కలన్నీ (డేటాని సిగ్నల్‌గా, సిగ్నల్‌ని డేటాగా మార్చే లెక్కలు) ఒకే గదిలో జరగటం ఇంకొకటి. చైనా మొబైల్ 2010 ప్రాంతంలో సీ-ర్యాన్ పేరుతో ముందుకు తెచ్చింది రెండోదాన్ని. అందులో యాంటెన్నాలు ఊరంతా ఉంటాయి, మెదడు మాత్రం ఒకచోట ఉంటుంది. యాంటెన్నాలు పంచటం ఒక నిర్ణయం, లెక్క పంచటం మరో నిర్ణయం. మీ రిపోర్టులో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి, విడదీసి రాయండి. నేను ఇక్కడ ‘ప్యానెల్’ అంటే ఒకేచోట ఉన్నవి, ‘స్తంభాలు’ అంటే పంచినవి.

పంచాలన్న ఆలోచనే పాతది. 1987లో బెల్ ల్యాబ్స్‌లో సాలే, రుస్టాకో, రోమన్ భవనాల లోపలి రేడియో కోసం దీన్ని ప్రతిపాదించారు. ఒకేచోట వందలకొద్దీ యాంటెన్నాలు పెడితే ఏం జరుగుతుందో 2010లో అదే బెల్ ల్యాబ్స్ నుంచి థామస్ మార్జెట్టా చూపించాడు. మాసివ్ మిమోకి మూలం ఆ పేపరే. 2017లో ఎన్‌గో, లార్సన్ తదితరులతో కలిసి ‘సెల్-ఫ్రీ’ (యాంటెన్నాలు పంచి, సెల్ హద్దులు లేకుండా చేసే) మాసివ్ మిమో పేపరు రాసినవాళ్లలోనూ మార్జెట్టా ఉన్నాడు. రెండు పద్ధతుల వెనకా ఒకే మనిషి ఉన్నాడంటే ఇది రెండు శిబిరాల గొడవ కాదని మీకు అర్థమవుతుంది.

ఇప్పుడు వీధి లెక్క. స్తంభాలు 25 మీటర్లకొకటి. యాంటెన్నా ఫోను కన్నా 6 మీటర్లు పైన ఉందనుకుందాం. వీధిలో ఎక్కడ నిలబడ్డా దగ్గరి స్తంభం 12.5 మీటర్లలోపే ఉంటుంది, వాలుగా కొలిస్తే 14 మీటర్లు. ప్యానెల్ మధ్యలో ఉంది కాబట్టి వీధి చివర నిలబడ్డవాళ్లకు అది 200 మీటర్లు. పాత్‌లాస్ ఎక్స్‌పోనెంట్ (దూరంతో సిగ్నల్ ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే అంకె) 3.5 వేసుకోండి. 200ని 14తో భాగిస్తే దూరం 14.3 రెట్లు, సిగ్నల్ తేడా డీబీల్లో (ప్రతి 10 డీబీకి పవర్ పది రెట్లు) 40. అంటే దూరం తగ్గినందువల్ల స్తంభానికి 40 డీబీ లాభం.

ఇందులోంచి రెండు తీసేయాలి. 64 యాంటెన్నాలు కలిసి బీమ్ (ఒక దిక్కుకి గురిపెట్టిన సిగ్నల్) వేయటానికీ నాలుగు వేయటానికీ తేడా 16 రెట్లు, 12 డీబీ. మొత్తం పవర్ ఒకటే అనుకుంటే ఒక్కో స్తంభానికి దక్కేది పదహారో వంతు, ఇంకో 12 డీబీ. 40లోంచి 24 పోతే 16 డీబీ మిగిలింది. వీధి చివరివాళ్లకు స్తంభమే మేలు, అదీ చాలా మేలు.

అదే ప్యానెల్‌కి 20 మీటర్ల దూరంలో ఉన్నవాళ్లని తీసుకోండి. దూరంలో లాభం 5 డీబీ పైచిలుకు, నష్టం 24. వీళ్ల విషయంలో ప్యానెల్ 18 డీబీకి పైగా ముందుంది. రెండూ సమానమయ్యే చోటు ప్యానెల్‌కి 68 మీటర్ల దూరంలో వస్తుంది. 400 మీటర్ల వీధిలో మధ్యనున్న 136 మీటర్లు ప్యానెల్‌వి, అటూ ఇటూ కలిపి 264 మీటర్లు స్తంభాలవి. అయితే ప్యానెల్ దగ్గర ఉన్నవాళ్లకు అప్పటికే సిగ్నల్ పొంగిపొర్లుతోంది. 256 క్వామ్ (సిగ్నల్‌లో బిట్లు కుక్కే పై మెట్టు) దాటి ఫోను పైకి పోదు కాబట్టి వాళ్లకిచ్చిన అదనపు 18 డీబీ వృథా. చివరివాళ్లకు దక్కిన 16 డీబీలో ప్రతి డీబీ పనికొస్తుంది. సెల్-ఫ్రీ పేపర్లు ఎక్కువగా ‘95 శాతం మందికి గ్యారంటీగా దక్కే వేగం’ అన్న కొలత వాడేది అందుకే. అది బలహీనుల వైపు నుంచి చూసే కొలత. సగటు వేగం గీస్తే తేడా చాలా తగ్గిపోతుంది. ఏ కొలత వాడారో చూడకుండా ‘పంచితే గెలుపు’ అని రాయకండి.

మీ ప్రశ్నలో అప్‌లింక్ (ఫోను నుంచి టవర్‌కి వెళ్లే దారి) ఊసే లేదు. నాకు అసలు ముఖ్యమనిపించేది అదే. ఫోను పంపే పవర్ 23 డీబీఎమ్, అంటే 200 మిల్లీవాట్లు. అవతల ప్యానెల్ ఉన్నా స్తంభం ఉన్నా ఆ 200 మారవు. డౌన్‌లింక్‌లో (టవర్ నుంచి ఫోనుకి వచ్చే దారిలో) పవర్‌ని పదహారుగా పంచిన నష్టం ఇక్కడ ఉండనే ఉండదు. కాబట్టి వీధి చివర 40లోంచి 12 పోతే చాలు, 28 డీబీ మిగులుతుంది. సమానమయ్యే చోటు 68 నుంచి 31 మీటర్లకు దగ్గరికొచ్చేస్తుంది. అంటే దాదాపు వీధంతా స్తంభాలదే.

నాకు వచ్చిన కస్టమర్ ఫిర్యాదుల్లో ఒకటి ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుంది: “గీతలు నిండుగానే ఉన్నాయి సార్, మా మాట అవతలికి వినపడట్లేదు.” ఫోను తెరమీది గీతలు టవర్ నుంచి వచ్చే సిగ్నల్‌ని కొలుస్తాయి. టవర్ మీది 64టీ64ఆర్ (64 పంపే గొలుసులు, 64 అందుకునే గొలుసులు ఉన్న) ప్యానెల్ 320 వాట్లు పంపి, పైన 24, 25 డీబీ గెయిన్ ఇచ్చి ఆ గీతల్ని నింపేస్తుంది. తిరుగుదారిలో పాపం 200 మిల్లీవాట్ల ఫోను. 1 కిలోమీటరు దూరం నుంచి అరిచినవాడి మాట మనకు వినపడుతుంది, మన గొంతు వాడికి చేరదు. చిన్న స్తంభం దగ్గర పెడితే మొదట బాగుపడేది ఈ తిరుగుదారి. ఫోను తక్కువ పవర్‌తో పంపుతుంది కాబట్టి బ్యాటరీ కూడా నిలుస్తుంది.

ఇక కోణం సంగతి. ప్యానెల్‌లో 8 నిలువు వరుసలు ఉంటాయి. 3.5 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 8.6 సెంటీమీటర్లు, సగం 4.3. ఎనిమిది వరుసలు కలిపితే వెడల్పు 34 సెంటీమీటర్లు. ఆ వెడల్పుతో బీమ్ సుమారు 13 డిగ్రీల కన్నా సన్నబడదు. నిలువుగా 12 అడ్డవరుసలుంటే సుమారు 6 డిగ్రీలు. 300 మీటర్ల దూరంలో ఇవి అడ్డంగా 68 మీటర్లు, నిలువుగా 31 మీటర్లు. హైదరాబాద్‌లో కోకాపేట వైపు వచ్చిన నలభై అంతస్తుల టవర్లని ఊహించుకోండి. 31 మీటర్లంటే పది అంతస్తులు. ఆ పది అంతస్తుల్లో ఉన్న కుటుంబాలన్నీ ప్యానెల్ కళ్లకు దాదాపు ఒకే దిక్కు. గోడల మీద పడి చెదిరి వచ్చే దారులు కొంత విడదీస్తాయి గానీ, ఎదురుగా నేరుగా కనబడే కిటికీల విషయంలో అవి పెద్దగా ఆదుకోవు. 64 యాంటెన్నాలున్నా ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి పంపలేకపోవటం అక్కడ చూస్తాం.

ప్యానెల్‌ని తక్కువ చేయటానికి చెప్పట్లేదు. యూజర్లు వేర్వేరు దిక్కుల్లో ఉంటే అది చేసే పని అద్భుతం. 2016లో బ్రిస్టల్, లండ్ విశ్వవిద్యాలయాలు 128 యాంటెన్నాలు ఒకేచోట పెట్టి, 20 మెగాహెర్ట్జ్‌లో ఒకేసారి 22 మందితో పనిచేయించి, హెర్ట్జ్‌కి సెకనుకి 145.6 బిట్లు సాధించాయి. విశాలమైన హాల్లో చేసిన ప్రయోగం అది. అందరూ ఒకే బీమ్‌లో గుమిగూడితే ఆ మాయ పనిచేయదు. స్తంభాలకి ఆ బాధ లేదు. పది దిక్కుల నుంచి చూస్తాయి కాబట్టి ఒకదానికి ఒకే వరుసలో కనిపించిన ఇద్దరు ఇంకోదానికి విడివిడిగా కనిపిస్తారు.

ఇంతవరకూ స్తంభాలే గెలుస్తున్నట్టుంది. ఇక్కడి నుంచి కష్టాలు మొదలవుతాయి. అన్నిటికన్నా పెద్దది ఫేజ్, అంటే అల ఏ దశలో ఉందన్నది.

పదహారు స్తంభాలు ఒకే ఫోనుకి కలిసి పంపితే ఆ అలలు ఫోను దగ్గర ఒకే లయలో కలవాలి. 3.5 గిగాహెర్ట్జ్‌లో ఒక అల పూర్తవటానికి పట్టే కాలం 286 పికోసెకన్లు. ఫేజ్ 30 డిగ్రీల్లోపు ఉండాలంటే స్తంభాల గడియారాలు ఒకదానితో ఒకటి 24 పికోసెకన్లలోపు కలవాలి. ఇప్పుడు టీడీడీ (ఒకే బ్యాండులో వంతులవారీగా పంపి, అందుకునే) నెట్‌వర్కుల్లో మనం పాటించే నియమం బేస్ స్టేషన్ల మధ్య 3 మైక్రోసెకన్లు. జీపీఎస్‌తోనో, నెట్‌వర్క్ మీదే సమయం పంపే పీటీపీతోనో అసలు కాలానికి అటూ ఇటూ 1.5 మైక్రోసెకన్లలో ఉంచితే సరిపోతుంది. 1.5 మైక్రోసెకన్లకీ 24 పికోసెకన్లకీ మధ్య అరవై వేల రెట్లకు పైగా తేడా ఉంది. మామూలు సైటు గడియారాన్ని కాస్త మెరుగు చేసి దాటే దూరం కాదిది.

దీనికి ఫైబర్ కూడా తోడవుతుంది. ఎండకి ఫైబర్ వేడెక్కితే అందులో కాంతి పట్టే సమయం మారుతుంది. కిలోమీటరు ఫైబర్‌కి ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రత మారితే దగ్గర దగ్గర 40 పికోసెకన్లు. గడియారాన్ని ఆ ఫైబర్ మీదే పంపిస్తుంటే మబ్బు పట్టి ఎండ తగ్గినా మన 24 పికోసెకన్ల హద్దు దాటిపోతాం. మెల్లగా మారేది కాబట్టి మళ్లీ మళ్లీ కొలిచి సరిదిద్దుకోవచ్చు. కానీ ఆ కొలిచే పని కూడా గాల్లో చోటు, సమయం తింటుంది. ప్యానెల్‌లో ఈ తలనొప్పి లేదు. 64 గొలుసులకీ ఒకే ఆసిలేటర్ (లయ పుట్టించే పరికరం), ఒకే పెట్టె, ఒకే వేడి. పంపే గొలుసుకీ అందుకునే గొలుసుకీ ఉన్న తేడాని లోపలి కప్లర్ బోర్డుతో అది తనంతట తానే సరిచూసుకుంటుంది.

పేపర్లు చదివేటప్పుడు సులువుగా జారిపోయే సంగతి ఇంకొకటుంది. ఫేజ్ తప్పుని బీమ్ క్షమిస్తుంది, నల్ (సిగ్నల్ పడకూడని చోట దాన్ని రద్దు చేయటం) క్షమించదు. 30 డిగ్రీల సగటు తప్పుతో కలిపినా ఫోనుకి చేరే బలంలో పోయేది 1.2 డీబీయే. అబ్బో పర్వాలేదే అనిపిస్తుంది. కానీ ఒకరికి పంపేది పక్కవాళ్ల మీద పడకుండా జీరో-ఫోర్సింగ్‌తో రద్దు చేయాలంటే అదే 30 డిగ్రీల తప్పుతో రద్దయ్యేది 5, 6 డీబీలే. దాదాపు నాలుగో వంతు అలాగే మిగిలిపోతుంది. 20 డీబీ లోతున నల్ కావాలంటే తప్పు 5 డిగ్రీలకి దిగాలి, అంటే 4 పికోసెకన్లు. స్తంభాలు ఒకే ఫోనుకి సిగ్నల్ పెంచటం ఒక పని, పదిమందికి ఒకేసారి విడివిడిగా పంపటం వేరే పని. మొదటిది ఇవాళ చేయగలం. రెండోది ల్యాబ్‌లో చేయగలం, వీధిలో చేయటం కష్టం. మీ సిములేషన్‌లో ఫేజ్ తప్పు సున్నా పెట్టారు. గెలుపులో పెద్ద భాగం ఆ సున్నాలోంచే వస్తోంది.

ఫైబర్ లెక్క చూద్దాం. 100 మెగాహెర్ట్జ్ క్యారియర్‌కి సెకనుకి 122.88 మిలియన్ శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కి ఐ, క్యూ అనే రెండు భాగాలకి చెరి 15 బిట్లు. యాంటెన్నాకి 3.7 గిగాబిట్లు, 64కి 236. పాత సిప్రి పద్ధతిలో ముడి శాంపిళ్లే పంపితే ఇంత కావాలి, ఎవరూ ఇవ్వలేరు. అందుకే ఓ-ర్యాన్ 7.2ఎక్స్ స్ప్లిట్‌లో (లెక్కల్ని రేడియోకీ మధ్య గదికీ పంచే ప్రమాణం) ఎఫ్‌ఎఫ్‌టీని (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క), బీమ్ కలిపే పనిని రేడియోలోకే దింపారు. ఎఫ్‌ఎఫ్‌టీ అయ్యాక, 9 బిట్ల కంప్రెషన్‌తో, ఒక్కో స్ట్రీమ్ 1.65 గిగాబిట్లు. ప్యానెల్ తన 64 యాంటెన్నాల్ని లోపలే 16 లేయర్లుగా (ఒకేసారి వెళ్లే విడివిడి డేటా ప్రవాహాలు) కుదించి పంపుతుంది కాబట్టి ఫైబర్ మీద 26 గిగాబిట్లు. ఒకటి రెండు 25 గిగాబిట్ మాడ్యూళ్లతో పనైపోతుంది. స్తంభాలకి ఈ వెసులుబాటు లేదు. ఒక్కో స్తంభం దగ్గర ఉన్నవి నాలుగే, అక్కడ కుదించటానికి ఏమీ లేదు. పదహారింటినీ కలిపే లెక్క మధ్యలో జరగాలంటే 64 స్ట్రీములూ మధ్యకి రావాలి, 106 గిగాబిట్లు. అదే వీధి, అవే యాంటెన్నాలు, నాలుగు రెట్ల ఫైబర్ సామర్థ్యం.

ప్రతి స్తంభం తన లెక్క తానే చేసుకుంటే ఇంత అక్కర్లేదు కదా అంటారు. 2017 పేపరు నడిచిన దారి అదే. కానీ 2020లో బ్యోర్న్‌సన్, సాంగ్వినెట్టి చూపించారు: ఎవరి లెక్క వాళ్లు మామూలు పద్ధతిలో చేసుకుంటే పంచిన లాభంలో చాలా భాగం చేజారుతుందని, అన్నిటినీ ఒకచోట ఎంఎంఎస్ఈతో (తప్పు కనిష్ఠమయ్యేలా కలిపే పద్ధతి) కలిపితేనే దాని అసలు బలం బయటికొస్తుందని. మొదట్లో రెండు నిర్ణయాల్నీ విడదీయమన్నది ఇందుకే. యాంటెన్నాలు పంచినకొద్దీ మెదడు ఒకచోటికి రావాల్సి వస్తుంది.

మన దగ్గర ఫైబర్ లేని టవర్లు ఇంకా చాలానే ఉన్నాయి, మైక్రోవేవ్ లింకుల మీద నడుస్తున్నాయి. టవర్‌కే ఇలా ఉంటే స్తంభం స్తంభానికీ ఫైబర్ అంటే ఎంత తవ్వకమో ఊహించుకోండి. దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. 2024కల్లా 5జీ బేస్ స్టేషన్లు నాలుగు లక్షలు దాటాయి. ఆ వేగం ఎలా సాధ్యమైంది? ఉన్న టవర్‌కి ఉన్న పోలు మీద ఒక ప్యానెల్ బిగించి, ఒక ఫైబరు, ఒక డీసీ కేబులు లాగితే సెక్టారు లేచింది. అదే కవరేజీ స్తంభాలతో ఇవ్వాలంటే పర్మిషన్లకే ఏళ్లు పట్టేది.

కరెంటు గురించి పేపర్లు పెద్దగా రాయవు, కాబట్టి నేను చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక మున్సిపాలిటీ వీధిలో లైటు స్తంభాల మీద స్మాల్ సెల్స్ (చిన్న బేస్ స్టేషన్లు) పెట్టే ట్రయల్‌కి వెళ్లాను. 2022లో సవరించిన రైట్ ఆఫ్ వే నిబంధనలు వీధి స్తంభాల మీద స్మాల్ సెల్స్‌కి దారి ఇచ్చాయి కాబట్టి అందరం ఉత్సాహంగా ఉన్నాం. పగలు బిగించాం, రేడియోలు లేవలేదు. కనెక్టర్లు మళ్లీ బిగించాం, మాడ్యూళ్లు మార్చాం, మధ్యాహ్నమంతా పోయింది. సాయంత్రం ఆరున్నరకి వీధి లైట్లు వెలిగాయి, వాటితోపాటే రేడియోలూ లేచాయి. లైట్ల ఫీడర్ మొత్తాన్ని పేటలోని ఒక కంట్రోల్ బాక్సు చీకటి పడ్డాకే ఆన్ చేస్తుంది. పగలంతా స్తంభంలో కరెంటే ఉండదు. ప్రతి స్తంభానికీ విడిగా 24 గంటల లైను, మీటరు, బ్యాకప్ బ్యాటరీ కావాలని తేలింది. టవర్ దగ్గర జనరేటరు, బ్యాటరీ బ్యాంకు ముందే ఉంటాయి. పదహారు స్తంభాల్లో వాటిని పదహారు సార్లు కొనాలి, పదహారు చోట్ల కాపాడుకోవాలి.

ఇన్ని చెప్పాక, పంచిన పద్ధతి నిర్ద్వంద్వంగా గెలిచిన చోటు ఒకటుంది: భవనాల లోపల. వేడి ఆపటానికి లోహపు పూత పూసిన అద్దాలు 3.5 గిగాహెర్ట్జ్‌ని 20, 30 డీబీ మింగేస్తాయి. బయటి ప్యానెల్ ఎంత అరిచినా లోపల నీరసమే. అక్కడ మనం ముప్పై ఏళ్లుగా వాడుతున్న డ్యాస్ పంచిన యాంటెన్నాల వ్యవస్థే. అయితే డ్యాస్‌ని, మీరు సిములేట్ చేస్తున్న డిస్ట్రిబ్యూటెడ్ మిమోని ఒకే గాటన కట్టకండి. డ్యాస్‌లో అన్ని యాంటెన్నాలూ ఒకే సిగ్నల్‌ని వల్లె వేస్తాయి. పదహారు యాంటెన్నాల అప్‌లింక్‌ని ఊరికే కలిపేస్తే ఫోను మాట ఒకదాంట్లోంచి వస్తుంది, నాయిస్ మాత్రం పదహారింట్లోంచీ వస్తుంది. అంటే 12 డీబీ నష్టం. మిమోలో ఒక్కో యాంటెన్నాకి ఎంత విలువ ఇవ్వాలో లెక్కేసి కలుపుతారు కాబట్టి ఆ నష్టం ఉండదు. పైకి చూస్తే రెండింటిలోనూ సీలింగ్‌కి తెల్లటి పుట్టగొడుగులే. తేడా అంతా వెనకాల కలిపే చోట ఉంది.

ఈ తేడా తెలియక ఖర్చయిన డబ్బు నేను కళ్లారా చూశాను. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు భవనం. 4జీ రోజుల్లో వేసిన ప్యాసివ్ డ్యాస్‌కే 5జీ రేడియో తగిలించమన్నారు. తగిలించారు. ఏడో అంతస్తు మీటింగ్ రూములో ఆర్ఎస్ఆర్‌పీ (అందే సిగ్నల్ బలం) మైనస్ 118 డీబీఎమ్, చాలా నీరసం. సీలింగ్ పలక తీసి టార్చి వేస్తే కప్లర్ (సిగ్నల్‌ని చీల్చి పంచే ముక్క) మీద లేబుల్: 698–2700 మెగాహెర్ట్జ్. 3500 దానికి పరిధిలోనే లేదు. పైగా అక్కడిదాకా లాగింది అర అంగుళం ఫీడర్. 900లో 100 మీటర్లకు అది తినేది 7 డీబీ, 3500లో 14. పోనీ అన్నీ మార్చినా, ఉన్నది ఒకే కేబులు కాబట్టి ఒకే లేయరు. నాలుగు లేయర్లు కావాలంటే నాలుగు కేబుళ్లు సమాంతరంగా లాగాలి. చివరికి ఫీడర్లు వదిలేసి, అంతస్తుకి కొన్ని చొప్పున చిన్న డిజిటల్ రేడియో హెడ్లు, వాటికి ల్యాన్ కేబులు వేశారు. ఎరిక్‌సన్ డాట్, హువావే ల్యాంప్‌సైట్ 2013లో మొదలుపెట్టిన రకం అది. అదే మీటింగ్ రూము మైనస్ 80ల్లోకి వచ్చింది. లోపల ఈ పద్ధతి ఎందుకు కుదిరిందో గమనించండి: దూరాలు పదుల మీటర్లు, ఒకే యజమాని, ఒకే కరెంటు, తవ్వకాలు లేవు, రేడియోకి పవర్ అదే ల్యాన్ కేబుల్‌లో వెళ్తుంది. వీధిలో అడ్డుపడినవేవీ అక్కడ లేవు.

మీ వీధి పొడవు గురించి చిన్న మాట. 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్‌తో సైక్లిక్ ప్రిఫిక్స్ (ఆలస్యంగా వచ్చే సిగ్నళ్లని ఓర్చుకునే విరామం) 2.34 మైక్రోసెకన్లు, గాల్లో 700 మీటర్లు. 400 మీటర్ల వీధి అందులో ఇముడుతుంది. ఫైబర్‌లో మాత్రం కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు. ఒక స్తంభానికి ఫైబర్ చుట్టూ తిరిగి 1 కిలోమీటరు ఎక్కువ పడితే ప్రిఫిక్స్‌కి రెట్టింపు ఆలస్యం. దాన్ని రేడియోలో సరిచేసే వీలుంది, కానీ ఫైబర్ పొడవులు కొలిచి సరిగ్గా ఎక్కించాలి. వీధి 2 కిలోమీటర్లయితే కథ మారుతుంది.

ప్రమాణాలు ఈ దిశగా మెల్లగా నడుస్తున్నాయి. 4జీలో రిలీజ్ 11 నాటికే కాంప్ (పక్కపక్క సైట్లు కలిసి పంపటం) వచ్చింది. సైట్ల మధ్య లింకులు నెమ్మదిగా ఉండి, ఛానెల్ సమాచారం చేరేసరికే పాతబడిపోయి, క్షేత్రంలో పెద్దగా నిలవలేదు. 5జీలో రిలీజ్ 16 మల్టీ-టీఆర్‌పీ తెలివైన మెట్టు. రెండు చోట్ల నుంచి వేర్వేరు లేయర్లు పంపిస్తారు, వాటి మధ్య ఫేజ్ కలవక్కర్లేదు. రిలీజ్ 18లో నాలుగు చోట్ల దాకా ఫేజ్ కలిపి పంపే కోడ్‌బుక్ వచ్చింది. ఫైబర్ బాధకి ఎరిక్‌సన్ 2019లో చూపించిన రేడియో స్ట్రైప్ ఆలోచన నాకు చాలా ఇష్టం. ఒకే పట్టీలో యాంటెన్నాలు, చిప్పులు వరుసగా కూర్చి, కరెంటూ డేటా గడియారమూ మూడూ అందులోనే పంపటం. స్టేడియం కుర్చీల వరుస కిందా ఫ్యాక్టరీ కప్పు కిందా అది సరిగ్గా అతుకుతుంది.

మీ వీధికి నన్నే ప్లాన్ ఇవ్వమంటే 64నీ సగానికి చీలుస్తాను. మధ్యలో 32 యాంటెన్నాల ప్యానెల్. రెండు వైపులా 50 మీటర్ల నుంచి చివరిదాకా నాలుగేసి స్తంభాలు, సుమారు 37 మీటర్లకొకటి, ఒక్కోదాని మీద నాలుగు యాంటెన్నాలు. ప్యానెల్‌కీ స్తంభాలకీ మధ్య ఫేజ్ కలపటానికి ప్రయత్నించను, మల్టీ-టీఆర్‌పీ చాలు. అప్‌లింక్‌ని మాత్రం అన్నిచోట్ల నుంచీ మధ్యకి తెచ్చి కలుపుతాను. అందుకునే వైపు ఫేజ్ తేడా ఫోను పంపే రిఫరెన్స్ సిగ్నల్‌లోనే కనిపిస్తుంది కాబట్టి గడియారాల పీడ అక్కడ చాలా తక్కువ. పదహారు బదులు ఎనిమిది స్తంభాలకే కరెంటు, ఫైబర్ ఇస్తే సరిపోతుంది.

మీ కోడ్‌లో మార్చాల్సినవి చెబుతాను. ఫేజ్ తప్పుని 0, 5, 15, 30 డిగ్రీలుగా మార్చి నాలుగు సార్లు నడపండి. అప్‌లింక్‌ని విడిగా గీయండి. సగటు వద్దు, పూర్తి సీడీఎఫ్ (ఎంత శాతం మందికి ఎంత వేగమో చూపే గీత) గీసి 5 శాతం దగ్గరా 50 శాతం దగ్గరా చదవండి. స్తంభానికి ఫైబర్ 10 గిగాబిట్లకి మించకూడదని ఒక హద్దు పెట్టండి. 64 ప్యానెల్, పదహారు స్తంభాలు, నేను చెప్పిన సగం సగం, మూడింటినీ ఒకే గ్రాఫు మీద వేయండి. 5 డిగ్రీల గీతకీ 15 డిగ్రీల గీతకీ మధ్య డౌన్‌లింక్‌లో ఎక్కడ కూలుతుందో, అప్‌లింక్‌లో ఎంత నిలుస్తుందో చూడండి. ఆ గ్రాఫు వచ్చాక పంపండి, పక్కన కూర్చుని చూసినట్టే చూసి చెబుతాను.